టెస్టోస్టిరాన్ చికిత్స: ఖర్చెంత, ఇన్సూరెన్స్ ఇస్తుందా, మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి

మా బావగారికి 47 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లోనే, షుగర్ బోర్డర్‌లో ఉంది. ఏడాదిగా ఒకటే నీరసం. రాత్రంతా పడుకున్నా పొద్దున అలసటగానే లేస్తున్నారు. ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో టెస్టోస్టిరాన్ (మగవాళ్ల హార్మోన్) 248 అని, అంటే తక్కువగా, వచ్చింది. ఆ రిపోర్టు పట్టుకుని ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడికక్కడే ఆరు నెలల ఇంజెక్షన్ ప్యాకేజీ చెప్పారు. ఇన్సూరెన్స్ వస్తుందా అని అడిగితే "బిల్లు ఇస్తాం సార్, మీరు క్లెయిమ్ పెట్టుకోండి" అన్నారట. ఆ రాత్రి నాకు ఫోన్ చేశారు. "ఇన్సూరెన్స్ సంగతి నీకు తెలుసు కదా, ఈ ఇంజెక్షన్‌కి ఎంతవుతుందంటావ్?"

రక్తం ఎన్నింటికి ఇచ్చారని అడిగాను. మధ్యాహ్నం మూడింటికి, క్యాంటీన్‌లో భోజనం చేసి వచ్చాక.

నేను డాక్టర్ని కాను. పాలసీ కాగితాలు, క్లెయిమ్ ఫైళ్లు చదవడం అలవాటున్నవాణ్ణి. ఆ ఫోన్ తర్వాత ఈ విషయం మీద చదివినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, లెక్క వేసి చూసుకున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. చవకైన ఇంజెక్షన్ రకంతోనైతే ఈ చికిత్సలో మందు ధర చిన్న అంకె. మందు చుట్టూ ఏళ్ల తరబడి సాగే టెస్టులు, ఓపీ ఫీజులు కలిస్తేనే పెద్ద అంకె. మన దేశంలో ఆ పెద్ద అంకె దాదాపు మొత్తం మీ జేబులోంచే పోతుంది. అందుకని అడుగులు ధర దగ్గర కాదు, ల్యాబ్ దగ్గర మొదలవ్వాలి.

1. రక్తం పొద్దున్నే ఇవ్వండి, రెండుసార్లు ఇవ్వండి

టెస్టోస్టిరాన్ రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. తెల్లవారుజామున ఎక్కువగా ఉండి సాయంత్రానికి పడిపోతుంది. అన్నం తిన్నాక కూడా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం పది గంటల లోపు రక్తం ఇవ్వాలి. డెంగ్యూనో వైరల్ జ్వరమో వచ్చి తగ్గిన వారంలో చేయించుకోవద్దు. ఒంట్లో బాగోలేనప్పుడు ఆ అంకె మామూలుగానే కిందికి దిగుతుంది. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు 'పొద్దున' అంటే ఎప్పుడన్నది వేరే ప్రశ్న. ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి, ఎన్నింటికి ఇవ్వాలో అడగండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల హార్మోన్ టెస్టులను తప్పుదారి పట్టిస్తాయి. అంకె ఉన్నదానికన్నా ఎక్కువగానో తక్కువగానో కనిపించొచ్చు. వేసుకుంటుంటే ముందే చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో కనుక్కోండి.

ఒక్క రిపోర్టుతో నిర్ణయం తీసుకోకూడదు. వేరే రోజు, వీలైతే అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించాలి. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం రెండు ఉదయపు టెస్టుల్లోనూ డెసీలీటర్‌కు 300 నానోగ్రాముల కన్నా తక్కువ రావాలి, దానికి తోడు లక్షణాలూ ఉండాలి. అంకె తక్కువగా ఉండి ఇబ్బందేమీ లేకపోతే అది జబ్బు కాదు. ఇబ్బంది ఉండి అంకె బాగుంటే కారణం వేరే ఉంది. కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగస్తంభన లేకపోవడం, గడ్డం పెరుగుదల మందగించడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం లాంటివి ఈ లోపానికి దగ్గరి లక్షణాలు. ఒట్టి నీరసానికైతే థైరాయిడ్ నుంచి నిద్రలేమి దాకా వంద కారణాలు ఉంటాయి. లావుగా ఉన్నవాళ్లకూ, అంకె 300కి అటూ ఇటూ ఊగిసలాడేవాళ్లకూ ఫ్రీ టెస్టోస్టిరాన్ (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండే భాగం) కూడా చూడమంటారు.

ఈ టెస్టు ఊరినీ ల్యాబ్‌నీ బట్టి సుమారు 400 నుంచి 1,000 రూపాయలు. ఇంటికొచ్చి రక్తం తీసుకునేవాళ్లను ఏడింటికి రమ్మంటే సరిపోతుంది. మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా లాభసాటి ఖర్చు నాకు కనపడలేదు. బావగారికి పొద్దున్నే చేయించిన రెండు రిపోర్టుల్లో 391, 405 వచ్చాయి.

2. నిజంగానే తక్కువైతే, ఎందుకు తక్కువైంది?

ఇక్కడ తొందరపడితే ఏళ్లకేళ్లు డబ్బు కడుతూ అసలు జబ్బును వదిలేసినట్టే. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రోలాక్టిన్ అనే హార్మోన్ టెస్టులు చేయిస్తారు. మొదటి రెండూ వృషణాలకు ఆర్డర్ ఇచ్చే హార్మోన్లు. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండడం), గవదబిళ్లలు వృషణాలకు సోకడం, దెబ్బ తగలడం, కీమోథెరపీ లాంటివి దానికి కారణాలు. ఎల్‌హెచ్ తక్కువగానో మామూలుగానో ఉంటే పైనుంచి, అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆర్డర్ సరిగ్గా రావడం లేదన్నమాట. అలాంటప్పుడు టెస్టోస్టిరాన్ 150 కన్నా తక్కువగా ఉన్నా, ప్రోలాక్టిన్ బాగా పెరిగి ఉన్నా పిట్యూటరీకి ఎంఆర్‌ఐ తీయిస్తారు. అక్కడ చిన్న గడ్డ ఉంటే దాని చికిత్స వేరు. ప్రోలాక్టిన్ గడ్డలైతే చాలావరకు మాత్రలకే తగ్గుతాయి.

మనవాళ్లలో తరచుగా కనిపించేవి మాత్రం పొట్ట, షుగర్, మద్యం, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగే నిద్రజబ్బు. నొప్పికి నెలల తరబడి వాడే ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మాత్రలూ, జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ కూడా సొంత టెస్టోస్టిరాన్‌ని పడగొడతాయి. వీటిలో చాలావాటిని సరిచేస్తే అంకె దానంతటదే కొంత పెరుగుతుంది. బరువు తగ్గినకొద్దీ పెరుగుదల కనిపిస్తుంది. బావగారి నీరసానికి కారణమని చివరికి తేలింది నిద్రలో ఊపిరి ఆగడం. మా అక్క పదేళ్లుగా గురక గురించి మొత్తుకుంటూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాస్కు మెషీన్ పెట్టుకుని పడుకుంటున్నారు. ఆ మెషీన్‌కి కూడా ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు.

చూపించుకోవాల్సింది ఎండోక్రైనాలజిస్టుకి గానీ యూరాలజిస్టుకి గానీ. 'నరాల బలహీనత' అని గోడల మీద రాసేవాళ్ల దగ్గరికీ, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఉంటామని పేపర్లో ప్రకటన ఇచ్చేవాళ్ల దగ్గరికీ కాదు. కార్పొరేట్ ఓపీ భారం అనుకుంటే ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి. ఒక పూట క్యూలో పోతుంది, కానీ పరిశీలన గట్టిగా ఉంటుంది.

3. పిల్లలు కావాలనుకుంటే ఇక్కడ ఆగండి

బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే, కావలసినంత ఉంది కదా అని మెదడు వృషణాలకు ఆర్డర్ ఆపేస్తుంది. దాంతో వీర్యకణాల తయారీ పడిపోతుంది. చాలామందిలో సున్నాకి చేరుతుంది. మగవాళ్లకు గర్భనిరోధక ఇంజెక్షన్‌గా దీన్నే పరీక్షించిన అధ్యయనాలు ఉన్నాయంటే ప్రభావం ఏ స్థాయిలోదో ఊహించుకోండి. ఆపాక తిరిగి రావడానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

పెళ్లై రెండేళ్లయినా పిల్లలు కలగలేదని దిగులు పడుతున్న కుర్రాడికి 'బలానికి' అని ఈ ఇంజెక్షన్ వేయడమంటే ఉన్న కాస్త అవకాశాన్నీ మూసేయడమే. అలాంటివాళ్లకు హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, క్లోమిఫీన్ మాత్రలు లాంటి వేరే దారులు ఉన్నాయి. ఇవి సొంత తయారీని పెంచే పద్ధతులు. రెండో బిడ్డ సంగతి ఇంకా తేల్చుకోనివాళ్లు కూడా డాక్టర్‌కి ఆ మాట స్పష్టంగా చెప్పాలి. తప్పనిసరిగా టెస్టోస్టిరాన్ మొదలుపెట్టాల్సి వస్తే ముందే వీర్యం ఫ్రీజ్ చేయించుకోవచ్చు. ఆ ఖర్చు కూడా సొంతమే, ఎందుకో ఇన్సూరెన్స్ దగ్గర చెప్తాను.

4. ఎవరికి వద్దు, ఎంత ఆశించాలి

ప్రోస్టేట్ క్యాన్సర్ గానీ రొమ్ము క్యాన్సర్ గానీ ఉన్నవాళ్లకు, రక్తం ఇప్పటికే చిక్కగా ఉన్నవాళ్లకు, అదుపులో లేని గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు, చికిత్స తీసుకోని తీవ్రమైన నిద్రజబ్బు ఉన్నవాళ్లకు, గత ఆరు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు ఇది వద్దంటారు. రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లదీ అదే పరిస్థితి.

గుండె గురించి భయం ఒకప్పుడు చాలా ఉండేది. 2023లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనం 45 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 5,200 మందికి పైగా మగవాళ్లలో, అదీ గుండెజబ్బు ఉన్నవాళ్లలో లేదా వచ్చే ముప్పు ఉన్నవాళ్లలో, జెల్‌ని పరీక్షించింది. గుండెపోటు, పక్షవాతం డమ్మీ జెల్ వాడినవాళ్ల కన్నా ఎక్కువగా రాలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, మూత్రపిండాలకు హఠాత్తుగా దెబ్బ మాత్రం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఆ ఫలితాల తర్వాత 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాత గుండె హెచ్చరికను సవరించి, బీపీ పెరుగుతుందన్న హెచ్చరికను అన్ని టెస్టోస్టిరాన్ మందులకూ పెట్టమంది. బీపీ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆశ సంగతి. 65 ఏళ్లు దాటి టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్న 790 మందిపై చేసిన అధ్యయనాల ఫలితాలు 2016లో వచ్చాయి. లైంగిక కోరికలో, సామర్థ్యంలో ఒక మోస్తరు మెరుగుదల కనిపించింది. నీరసంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 'పాతికేళ్ల కుర్రాడిలా' అని ఎవరైనా అంటే ఆ క్లినిక్ నుంచి బయటికి రావడమే మేలు.

5. ఏ రకం మందు, ఏడాదికి ఎంత

మన దగ్గర ప్రధానంగా నాలుగు రకాలు దొరుకుతాయి. సస్టనాన్, టెస్టోవిరాన్ డిపో లాంటి ఇంజెక్షన్లు రెండు మూడు వారాలకోసారి. ఒక్కోటి వందల్లో ఉంటుంది. వేసిన మొదటి రోజుల్లో హుషారు, చివరి రోజుల్లో నీరసం అని వీటి మీద చాలామంది ఫిర్యాదు. రెండోది 1,000 మిల్లీగ్రాముల అన్‌డెకనోయేట్. సెర్నోస్ డిపో, నెబిడో ఈ కోవలోవి. మొదటి రెండూ ఆరు వారాల తేడాతో, తర్వాత 10 నుంచి 14 వారాలకోసారి. ఒక్కోటి వేలల్లో. మూడోది రోజూ రాసుకునే జెల్. నాలుగోది క్యాప్సూల్స్, కొవ్వున్న భోజనంతో వేసుకోవాలి. వట్టి ఇడ్లీతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టవు.

రకం ఎంచుకునేటప్పుడు ధరొక్కటే చూడొద్దు. సస్టనాన్‌లో వాడేది వేరుశనగ నూనె, వేరుశనగ పడనివాళ్లు తప్పకుండా చెప్పాలి. వేలల్లో ఉండే రకానిది ఆముదం, 4 మిల్లీలీటర్ల చిక్కటి ద్రవం. పిరుదులో నెమ్మదిగా ఎక్కించి అరగంట కూర్చోబెట్టాలి, ఎందుకంటే అరుదుగా ఆ నూనె ఊపిరితిత్తులకు చేరి విపరీతమైన దగ్గు వస్తుంది. మెడికల్ షాపు వెనక గదిలో వేయించుకునే ఇంజెక్షన్ కాదది. జెల్‌కి సూది బాధ లేదు గానీ ఆరకముందే చంటిపిల్లలు ఒళ్లోకి వస్తే వాళ్లకు అంటుకుంటుంది. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ చోటు బట్టతో కప్పేయాలి. చెమటతో బనియన్లు తడిసే మే నెలలో జెల్ రాసుకుని వెంటనే బయటికి పరిగెత్తడం కూడా కుదరదు.

ఇప్పుడు లెక్క. కింది ధరలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి. మీ ఊళ్లో ఎంఆర్‌పీ చూసి మార్చుకోండి.

మొదలుపెట్టే ముందు టెస్టులకు (టెస్టోస్టిరాన్ రెండుసార్లు, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రోలాక్టిన్, రక్తకణాల లెక్క చూపే సీబీపీ, ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ, షుగర్, కొలెస్టరాల్) 5,400 అనుకుందాం. మొదటి ఏడాది పర్యవేక్షణ టెస్టులు రెండు విడతలు, విడతకు 2,000 చొప్పున 4,000. డాక్టర్ ఫీజు 800 చొప్పున ఐదుసార్లు, ఇంకో 4,000. మందు ముట్టకుండానే 13,400 అయింది.

ఇప్పుడు మందు కలుపుదాం. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 ఇంజెక్షన్లు. 300 మందుకి, 150 వేసినందుకు చొప్పున 7,650. మొత్తం 21,050. ఇందులో మందు ఖరీదు 5,100 మాత్రమే, అంటే పావు వంతు. అన్‌డెకనోయేట్‌ని 12 వారాలకోసారి వేయించుకుంటే మొదటి ఏడాది ఐదు పడతాయి. వేసే ఖర్చుతో కలిపి 3,800 చొప్పున 19,000. మొత్తం 32,400. జెల్ రోజుకు 60 అనుకుంటే మందుకే 21,900, మొత్తం 35,300.

రెండో ఏడాది నుంచి టెస్టులు ఒక విడత, డాక్టర్ రెండుసార్లు. అన్నిటికన్నా చవకైన రకంతోనే ఏడాదికి 11,250. పదేళ్లకు లక్షా ఇరవై వేలు దాటుతుంది, అదీ ధరలు పెరగలేదనుకుంటే. క్లినిక్‌వాళ్లు చెప్పే ఆరు నెలల ప్యాకేజీలో ఈ పదేళ్ల అంకె కనపడదు.

టెస్టుల డబ్బు మిగుల్చుకుందామని మాత్రం అనుకోకండి. మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, తర్వాత ఏడాదికోసారి టెస్టోస్టిరాన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా), పీఎస్‌ఏ చూడాలి. హెమటోక్రిట్ మన ల్యాబుల్లో సీబీపీలోనే వస్తుంది, ఆ రిపోర్టులో పీసీవీ అని కూడా రాస్తారు. అది 54 శాతం దాటితే రక్తం చిక్కబడుతోందని మందు ఆపుతారు. పీఎస్‌ఏ మొదటి ఏడాదిలో ముందున్న దానికన్నా 1.4 మించి పెరిగినా, 4 దాటినా యూరాలజిస్టుకి చూపించాలి. టెస్టు ఏ రోజు చేయించాలన్నది కూడా రకాన్ని బట్టి ఉంటుంది. రెండు మూడు వారాల ఇంజెక్షన్‌కి రెండింటి మధ్యలో, 12 వారాల రకానికి సరిగ్గా తర్వాతి ఇంజెక్షన్ ముందు.

టెస్టోస్టిరాన్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. జిమ్‌లో చేతులు మారేది ఎంత చవకైనా వద్దు. అందులో ఏముందో తెలియదు, బిల్లు ఉండదు, బిల్లు లేకపోతే కింద చెప్పబోయేదేదీ మీకు పనికిరాదు.

6. మన ఇన్సూరెన్స్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

మామూలు హెల్త్ పాలసీ ఆస్పత్రిలో 24 గంటలు చేరితే ఇచ్చే పాలసీ. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకుని గంటలో ఇంటికొచ్చేస్తాం. అది ఓపీ. "డేకేర్ కింద పెడదాం సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి. డేకేర్ అంటే మత్తు ఇచ్చి చేసే, ఒకప్పుడు రోజంతా ఉంచాల్సి వచ్చిన చికిత్స. కండకి వేసే సూది దాని కిందికి రాదు. పోనీ ఒక రాత్రి అడ్మిట్ అయి టెస్టులన్నీ చేయించుకుందామా అంటే, కేవలం పరీక్షల కోసం చేరడాన్ని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో (పాలసీ ఇవ్వని ఖర్చుల జాబితాలో) నాలుగోది కొట్టేస్తుంది. సంతానలేమి చికిత్స పదిహేడోది. వీర్యం ఫ్రీజింగ్, పిల్లల కోసం వాడే హెచ్‌సీజీ అక్కడే ఆగిపోతాయి. ఇందుకోసం లేని అడ్మిషన్ సృష్టించి క్లెయిమ్ పెడితే అది మోసం. పాలసీయే రద్దు కావచ్చు.

మరి ఎక్కడ వస్తుంది? నాలుగైదు చోట్ల.

ఒకటి, ఓపీడీ కవర్ ఉన్న పాలసీలు. పెద్ద కంపెనీల గ్రూప్ పాలసీల్లో ఏడాదికి ఇంత అని ఓపీడీ సొమ్ము ఉంటుంది. డాక్టర్ ఫీజు, టెస్టులు, మందులు దానిలో పెట్టుకోవచ్చు. మీ హెచ్‌ఆర్‌ని అడగడానికి సిగ్గుపడకండి. జబ్బు పేరు చెప్పక్కర్లేదు, "ఓపీడీలో ఫార్మసీ బిల్లులు వస్తాయా, లిమిట్ ఎంత" అంటే చాలు. సొంత పాలసీకి ఓపీడీ యాడ్ఆన్ కొనేముందు మాత్రం చిన్న తీసివేత చేయండి. 10,000 లిమిట్‌కి 7,000 అదనపు ప్రీమియం అడిగితే మీకు మిగిలేది మూడు వేలే, అదీ లిమిట్ మొత్తం వాడుకుంటే. మందులకు, టెస్టులకు, కన్సల్టేషన్‌కి విడివిడిగా లిమిట్లు ఉన్నాయేమో, సొంత నెట్‌వర్క్ ల్యాబుల్లోనే చేయించాలంటున్నారేమో చూడండి.

రెండు, ఇది చాలామంది వదిలేసుకునే డబ్బు. పిట్యూటరీ గడ్డకు ఆపరేషనో, వృషణం తీసేసే ఆపరేషనో జరిగి దాని వల్ల హార్మోన్ లోపం వస్తే, ఆ ఆపరేషన్ మామూలుగా కవర్ అవుతుంది. డిశ్చార్జ్ తర్వాత పాలసీని బట్టి 60, 90 లేదా 180 రోజుల వరకు అదే జబ్బుకి సంబంధించిన మందులు, టెస్టుల బిల్లులు కూడా పెట్టుకోవచ్చు. అడ్మిషన్‌కి ముందు చేయించిన ఎంఆర్‌ఐ, హార్మోన్ టెస్టులు కూడా గడువు లోపల ఉంటే వస్తాయి. డిశ్చార్జ్ సమ్మరీలో హార్మోన్ చికిత్స అవసరమని రాయించుకోండి.

మూడు, ఈఎస్ఐ. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఓపీ, మందులు కూడా అందులోనే. నాలుగు, సీజీహెచ్ఎస్. కేంద్ర ఉద్యోగులు, పెన్షనర్లకు వెల్‌నెస్ సెంటర్ ద్వారా స్పెషలిస్టు రాసిన మందులు తీసుకునే వీలుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే ప్యాకేజీల మీద నడిచేవి. నెలనెలా వేసుకునే ఇంజెక్షన్‌కి వాటిని నమ్ముకోలేం. పన్ను వైపు నుంచి చిన్న ఊరట ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ముందస్తు హెల్త్ చెకప్‌కి 5,000 దాకా హెల్త్ ప్రీమియానికి ఇచ్చే పన్ను మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80డి) పరిమితి లోపలే చూపించుకోవచ్చు. హెల్త్ పాలసీ లేని 60 ఏళ్లు దాటిన తండ్రిగారి వైద్య ఖర్చులు మీరు కడుతుంటే 50,000 దాకా చూపించుకోవచ్చు, నగదుగా కాకుండా కట్టినవి.

కాగితాల విషయంలో నా చాదస్తం కొంచెం భరించండి. చీటీ మీద 'వీక్‌నెస్' అని రాస్తే క్లెయిమ్ చూసేవాడికి అది టానిక్ లాగే కనిపిస్తుంది. డాక్టర్ నిర్ధారించిన జబ్బు పేరు, 'హైపోగొనాడిజం' (టెస్టోస్టిరాన్ లోపం) అని, దానికి కారణంతో సహా రాయించుకోండి. మందు బిల్లు మీద రోగి పేరు, డాక్టర్ పేరు, బ్యాచ్ నంబర్ ఉండాలి. చికిత్స మొదలుపెట్టక ముందు చేయించిన రెండు ఉదయపు రిపోర్టులను బంగారంలా దాచండి. ఒకసారి మందు పడ్డాక అంకె బాగానే కనిపిస్తుంది. అప్పుడు "మీకు లోపం ఉన్నట్టు రుజువేది" అని ఎవరడిగినా చూపించడానికి ఆ రెండు కాగితాలే ఉంటాయి.

కొత్త పాలసీ కొంటున్నా, కంపెనీ మారుతున్నా ఈ చికిత్స సంగతి ప్రపోజల్ ఫారంలో రాయాల్సిందే. దాచిపెడితే రేపు గుండె ఆపరేషన్ క్లెయిమ్‌కి కూడా దాన్నే వంక చేస్తారు. ముందునుంచే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు.

రావాల్సిన డబ్బు రాకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబర్‌కి గానీ కూడా ఫిర్యాదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

7. అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ కథ తలకిందులు. ఇన్సూరెన్స్ చాలావరకు ఇస్తుంది, కానీ కాగితం అడిగి ఇస్తుంది. వయసు వల్ల తగ్గినదానికి ఈ మందు ఆమోదం పొందలేదని ఎఫ్‌డీఏ 2015లోనే లేబుల్ మీద రాయించింది. అందుకే కంపెనీలు ముందస్తు అనుమతి పెడతాయి. వాళ్లు చూసేవి రెండు ఉదయపు రిపోర్టులు, లక్షణాలు, నిర్ధారణ కోడ్. వృషణాల లోపానికి ఇ29.1, పిట్యూటరీ లోపానికి ఇ23.0. మొదట జెనరిక్ (బ్రాండ్ లేని) టెస్టోస్టిరాన్ సిపియోనేట్ ఇంజెక్షన్ వాడి చూడమంటారు. బ్రాండ్ జెల్, కొత్త క్యాప్సూల్స్, చర్మం కింద పెట్టే గుళికలు అడిగితే తిరస్కరణ ఎక్కువ. తిరస్కరిస్తే 180 రోజుల్లో కంపెనీకే అప్పీల్ చేయొచ్చు. అక్కడా కాదంటే నాలుగు నెలల్లోపు బయటివాళ్ల సమీక్ష కోరవచ్చు.

హై డిడక్టిబుల్ ప్లాన్ (ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు ఏటా పెద్ద మొత్తం మీరే కట్టాల్సిన ప్లాన్) ఉంటే జనవరి నుంచి కొన్ని నెలలు మొత్తం మీరే కట్టాలి. జెనరిక్ సిపియోనేట్ చవకైనది కాబట్టి డిస్కౌంట్ కూపన్ ధర ఒక్కోసారి కోపే (ఇన్సూరెన్స్‌తో కొన్నా మీరు కట్టే వాటా) కన్నా తక్కువ ఉంటుంది. కాకపోతే అలా కట్టింది సాధారణంగా డిడక్టిబుల్‌లో లెక్కకు రాదు. డాక్టర్ రాసిన మందు కాబట్టి హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ (వైద్యానికని పన్ను లేకుండా దాచుకునే ఖాతాలు) డబ్బు వాడుకోవచ్చు. నెలకింత అని వసూలు చేసే ఆన్‌లైన్ 'మెన్స్ హెల్త్' క్లినిక్కులు చాలావరకు ఇన్సూరెన్స్ తీసుకోవు. వాటికి ఏడాదికి కట్టేది కూడి చూసి, నెట్‌వర్క్ యూరాలజిస్టు దగ్గర అయ్యేదానితో పోల్చండి.

హెచ్1బీ మీద ఉద్యోగం మారేవాళ్లకు కొత్త కంపెనీ ఇన్సూరెన్స్‌లో అనుమతి మళ్లీ మొదటి నుంచి. మందు మొదలవకముందు నాటి రిపోర్టులు పాత పోర్టల్‌లోనే ఉండిపోతే చిక్కు, ఉద్యోగం వదిలే ముందే పీడీఎఫ్‌లు దించుకోండి. ఇంకో మాట. టెస్టోస్టిరాన్ అక్కడ షెడ్యూల్ 3 నియంత్రిత మందు. చీటీ ఆరు నెలలకు, ఐదు రీఫిల్స్‌కు మించి చెల్లదు. ఇక్కడ చవక కదా అని ఊరగాయ పార్సిల్‌లో ఇంజెక్షన్లు పెట్టి పంపమని నాన్నగారిని అడగకండి. అది చట్టవిరుద్ధం, వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ అసలే వద్దు.

8. ఆపాల్సి వస్తే

మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో అంకె సరిపోయినా ఒంట్లో తేడా తెలియకపోతే, కొనసాగించాలా అని డాక్టర్‌ని అడగండి. ఆపేయడం కూడా ఒక సరైన నిర్ణయమే. కాకపోతే మీ అంతట మీరు ఆపొద్దు. సొంత తయారీ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, అది లేచేదాకా కొన్ని వారాలు, కొందరికి నెలలు, మొదటికన్నా ఎక్కువ నీరసం ఉంటుంది. ఆ కాలానికి ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రక్తం ఇవ్వాలో చీటీ మీద రాయించుకోండి. ప్యాకేజీకి ముందే డబ్బు కట్టి ఉంటే మిగిలిన ఇంజెక్షన్ల సొమ్ము తిరిగిస్తారా అన్నది కట్టే రోజే రాతలో తీసుకోవాలి. బావగారు ఆ రోజు అడ్వాన్సుగా ఐదు వేలు కట్టి వచ్చారు. రసీదు లేదు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.